పెరుగన్నం తినే కుక్క, పాలన్నం తాగే పిల్లి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ప్రశ్న అడిగాయి: శాకాహారుల ఇళ్ళలో పెరిగే కుక్కలకు, పిల్లులకు ఏం పెట్టాలి? ఈ రెంటికీ ఒకే జవాబు చెప్పడం కుదరదు. కుక్కకు నప్పింది పిల్లి ప్రాణం మీదికి తేవచ్చు. ఏ ఉత్తరానికి ఆ జవాబు విడిగా ఇస్తున్నాం.

ప్రశ్న: మా ఇంట్లో గుడ్డు వరకు అభ్యంతరం లేదు, నీచు మాత్రం రాదు. మా నాటు కుక్కకు మూడేళ్ళు, బరువు 10 కిలోలు. రెండు పూటలా పెరుగన్నమే పెడతాం. హుషారుగానే ఉంటుంది కానీ ఆరు నెలలుగా వెంట్రుకలు రాలుతున్నాయి. కళ్ళ చుట్టూ, మోచేతుల దగ్గర చర్మం పెచ్చులు కడుతోంది. మాంసం పెట్టక తప్పదా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పదని లేదండీ. ఆరోగ్యంగా ఉన్న, ఎదుగుదల పూర్తయిన కుక్కను శాకాహారం మీద పెంచవచ్చు. మనిషి పంచన చేరాక కుక్క ఒంట్లో పిండిపదార్థాన్ని అరిగించే శక్తి బాగా పెరిగింది. ఆ పని చేసే ఏఎంవై2బి అనే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నట్టు స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2013లో తేల్చారు. క్యారెట్, గుమ్మడి తింటే వాటి నుంచి విటమిన్ ఎ తయారుచేసుకోవడం కుక్కకు చేతనవును. ప్రొటీన్ సరిగ్గా అందితే గుండెకు కావలసిన టౌరిన్ అనే పోషకాన్ని కూడా తానే తయారుచేసుకుంటుంది.

చిక్కంతా పెరుగన్నంతోనే. లెక్క చూడండి. 10 కిలోల కుక్కకు రోజుకు దాదాపు 600 కిలోక్యాలరీలు కావాలి. పెంపుడు జంతువుల ఆహారానికి ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ ఆఫ్కో లెక్క ప్రకారం, ప్రతి 1,000 కిలోక్యాలరీలకు కనీసం 45 గ్రాముల ప్రొటీన్, 1.25 గ్రాముల కాల్షియం ఉండాలి. అంటే మీ కుక్కకు రోజుకు 27 గ్రాముల ప్రొటీన్, 750 మిల్లీగ్రాముల కాల్షియం. 300 గ్రాముల అన్నంలో 200 గ్రాముల పెరుగు కలిపితే ప్రొటీన్ సుమారు 15 గ్రాములు, కాల్షియం 300 మిల్లీగ్రాముల లోపే. కడుపు నిండుతుంది, ఒంటికి సగమే అందుతుంది. జింక్, రాగి, అయోడిన్, విటమిన్ డి, ఇ సంగతి ఇక చెప్పనక్కర్లేదు. కుక్కలకు మనలాగా ఎండలో తిరిగితే చర్మంలో విటమిన్ డి చాలినంత తయారవదు, తిండిలోనే రావాలి.

మీరు చెప్పిన పెచ్చులు జింక్ లోపం వల్ల కావచ్చు. కళ్ళు, మూతి చుట్టూ, మోచేతుల మీద కట్టడం దాని తీరు. కానీ గజ్జి కూడా మోచేతుల దగ్గర, చెవి అంచుల మీద మొదలవుతుంది. ముందు పశువైద్యుడి దగ్గర చర్మం గీకి పరీక్ష చేయించండి. మెడికల్ షాపులో జింక్ మాత్రలు కొని మీకు మీరే వేయకండి. మోతాదు మించితే వాంతులు, రక్తహీనత వస్తాయి.

ఇక తిండి. రోజుకు సరిపడా కొలతలివి, వండకముందు తూకం: బియ్యం 70 గ్రాములు, పెసరపప్పు 30 గ్రాములు, మీల్ మేకర్ 20 గ్రాములు, ఉడికించిన గుడ్డు ఒకటి, పెరుగు 100 గ్రాములు, గుమ్మడి లేదా క్యారెట్ 50 గ్రాములు, పొద్దుతిరుగుడు నూనె ఒక టీస్పూను. దీంతో 600 కిలోక్యాలరీలకు కాస్త పైన, 30 గ్రాములకు మించి ప్రొటీన్ వస్తాయి. రెండు పూటలకు సగం సగం పెట్టండి.

మీల్ మేకర్‌ను వేడినీళ్ళలో పావుగంట నానబెట్టి, గట్టిగా పిండి, ఆ నీళ్ళు పారబోయండి. మళ్ళీ కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికించి తరగండి. పెసరపప్పును గంటసేపు నానబెట్టి, నీళ్ళు వంపేసి, రెండు వేళ్ళ మధ్య నలిపితే ముద్దయ్యేదాకా ఉడికించండి. సోయాలో, పప్పులో కుక్క అరిగించుకోలేని చక్కెరలు కొన్ని ఉంటాయి. నానబెట్టిన నీళ్ళు పారబోస్తే వాటిలో కొంత పోతుంది. అలా చేయకపోతే కడుపు ఉబ్బరం, గ్యాస్, పలచటి విరేచనాలు. పోపు వద్దు, కారం వద్దు. గుడ్డు పచ్చిది వేయకండి. పచ్చి తెల్లసొన బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. గుడ్డు కూడా వాడనివాళ్ళు దాని బదులు 40 గ్రాముల పనీర్ వేసి, బియ్యం 60 గ్రాములకు తగ్గించుకోవచ్చు. పప్పుల్లో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌లోని ఒక భాగం) తక్కువ. గుడ్డు, పనీర్ ఆ లోటు కొంత పూడుస్తాయి కాబట్టే అవి ఇక్కడ ఉన్నాయి, రుచికోసం కాదు.

ఇంత చేసినా కాల్షియం చాలదు. 1,250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బనేట్ మాత్రలో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములు. రోజుకు ఒకటి పొడి చేసి కలిపితే లెక్క సరిపోతుంది. మాత్రలో విటమిన్ డి 250 యూనిట్లు ఉన్నా ఫరవాలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు వారానికోసారి వేసుకునే 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లాన్ని మాత్రం కుక్కకు అందని చోట దాచండి. 10 కిలోల కుక్క ఒక్క పొట్లం నాకినా రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. మిగిలిన ఖనిజాలకు, విటమిన్లకు ఇంటి వంటతో కలిపి వాడేలా కుక్కల కోసమే చేసిన మిశ్రమాన్ని, బరువును బట్టి డాక్టరు రాసిన మోతాదులో కలపాలి. అందులో ఇప్పటికే కాల్షియం ఎంత ఉందో చూసి, అంతమేర మాత్ర తగ్గించండి. ఈ మిశ్రమం లేకుండా పై వంట సంపూర్ణం కాదు. ఇంత కుదరదనుకుంటే, పచ్చ చుక్క ఉన్న కుక్కల శాకాహార డ్రై ఫుడ్‌లో ‘కంప్లీట్ అండ్ బాలెన్స్‌డ్’ అని రాసి ఉన్నది కొనడమే మేలు.

ఒక్కసారిగా మార్చకండి. మొదటి మూడు రోజులు కొత్తది పావువంతు, తర్వాత మూడు రోజులు సగం, అలా పది రోజుల్లో పూర్తిగా మార్చండి. రెండు వారాలకోసారి తూకం వేయండి. పక్కటెముకల మీద అరచేయి పెడితే సన్నని పొర కింద ఒక్కొక్కటీ తగలాలి. నొక్కి వెతకాల్సి వస్తే తిండి పదో వంతు తగ్గించండి.

ప్రశ్న: మాది పూర్తి శాకాహార కుటుంబం. రెండేళ్ళ మగపిల్లి ఉంది, బరువు 4 కిలోలు. పాలన్నం, అప్పుడప్పుడు కుక్కల శాకాహార డ్రై ఫుడ్ పెడుతున్నాం. టౌరిన్ అనేది విడిగా కలిపితే చాలని ఒకరు, రెండ్రోజులు పస్తు పెడితే ఏదైనా తింటుందని ఇంకొకరు చెబుతున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రెండూ కాదండీ. పస్తు సంగతి ముందు చెప్పాలి, అది అన్నిటికన్నా ప్రమాదం. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వంతా కాలేయానికి చేరి పేరుకుపోతుంది. బొద్దుగా ఉన్న పిల్లులకు ఇది మరీ త్వరగా వస్తుంది. చెవుల లోపలి వైపు, చిగుళ్ళు పసుపు రంగుకు తిరిగాయంటే ఆస్పత్రిలో ట్యూబు ద్వారా వారాల తరబడి తినిపించాల్సిన స్థితి. కొత్త తిండి ముట్టకపోతే పాతదే పెట్టండి, మొండిపట్టు పట్టకండి.

పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. అది అలవాటు కాదు, దాని కాలేయం పనిచేసే తీరే అంత. తిండిలో ప్రొటీన్ తగ్గినా పిల్లి కాలేయం ప్రొటీన్‌ను ఖర్చుచేయడం పెద్దగా తగ్గించుకోలేదు. తిండిలో రాకపోతే సొంత కండ కరుగుతుంది. ఆఫ్కో ప్రమాణాల్లో పెద్ద కుక్కకు తిండి పొడి బరువులో 18 శాతం ప్రొటీన్ చాలు, పిల్లికి 26 శాతం కావాలి. క్యారెట్ ఎంత తినిపించినా విటమిన్ ఎ తయారుచేసుకోలేదు. అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వును నూనెల నుంచి చాలినంత తయారుచేసుకోలేదు. నియాసిన్ అనే విటమిన్‌దీ అదే కథ. వీటిలో టౌరిన్ ఒకటి మాత్రమే. అది ఒక్కటీ కలిపి ఊరుకుంటే మిగతా లోపాలు అలాగే ఉంటాయి.

టౌరిన్ ఎందుకంత ముఖ్యమో 1987లో తెలిసివచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో పాల్ పియాన్, ఆయన తోటి పరిశోధకులు కలిసి, గుండె గోడలు సాగి పలచబడి చనిపోతున్న పిల్లులకు ఉన్న జబ్బు టౌరిన్ లోపమేనని రుజువు చేశారు. ఆ పిల్లులు తింటున్నది కంపెనీల తిండే. ఆ తర్వాత కంపెనీలు టౌరిన్ పెంచాయి. వేళకు టౌరిన్ ఇస్తే గుండె చాలావరకు కోలుకుంటుంది, కంటి వెనుక పొర దెబ్బతింటే మాత్రం చూపు తిరిగి రాదు. పిల్లి గోడలకు తగులుతూ నడుస్తోందని ఇంట్లోవాళ్ళు గమనించేసరికి నెలలు గడిచిపోయి ఉంటాయి. కుక్కల ఫుడ్‌లో టౌరిన్ కలపాలన్న నియమం లేదు కాబట్టి అది పిల్లికి ఏ రకంగానూ చాలదు.

మీది మగపిల్లి, అందుకే ఇంకో హెచ్చరిక. మొక్కల తిండితో మూత్రంలో ఆమ్లత తగ్గి స్ట్రువైట్ అనే ఇసుకలాంటి స్ఫటికాలు కట్టవచ్చు. మగపిల్లి మూత్రనాళం సన్నం, ఇట్టే పూడుకుపోతుంది. ఇసుక ట్రేలోకి మాటిమాటికీ వెళ్ళి, వంగి కూర్చుని, చుక్క కూడా రాకుండా అరుస్తుంటే మలబద్ధకం అనుకుని ఆముదం పట్టకండి. అదే పూట ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఒక రోజు దాటితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు.

పిల్లుల కోసం మాంసం లేకుండా, పోషకాలన్నీ కృత్రిమంగా కలిపి చేసిన ఫుడ్‌లు కొన్ని దేశాల్లో అమ్ముతున్నారు. లెక్క ప్రకారం కుదరని పనేమీ కాదు. కానీ మా సలహా అడిగితే, వద్దు. ఇంటి వంటగదిలో అయితే అసలే వద్దు. మీ వంటింట్లోకి నీచు రాకుండా ఒక దారి ఉంది: మాంసంతో చేసిన పిల్లుల డ్రై ఫుడ్‌లో ‘కంప్లీట్ అండ్ బాలెన్స్‌డ్’ అని ఉన్నది కొనండి. 4 కిలోల పిల్లికి రోజుకు 55 నుంచి 60 గ్రాములు చాలు. వండే పని లేదు, వాసన తక్కువ, గిన్నె వరండాలో విడిగా పెట్టి విడిగా కడగవచ్చు. పాలు మానేయండి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. నీళ్ళ గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి.

ఇదే సందర్భంలో మాంసాహారుల ఇళ్ళకూ ఒక మాట. పిల్లికి చికెన్ ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే టౌరిన్ ఆ నీళ్ళతోనే పోతుంది. నీళ్ళతో సహా పెట్టండి. ఎముక లేని ఉత్త మాంసంలో కాల్షియం దాదాపు ఉండదు కాబట్టి అదొక్కటే పెట్టినా ఎముకలు గుల్లబారతాయి.

ప్రశ్న: మూడు నెలల లాబ్రడార్ కూన. పాలు, సెరెలాక్, కాల్షియం సిరప్ ఇస్తున్నాం. ఎప్పటినుంచి శాకాహారం అలవాటు చేయవచ్చు?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఎదుగుదల ఆగేదాకా వద్దు. లాబ్రడార్ లాంటి పెద్ద జాతులకు 15 నుంచి 18 నెలలు. అప్పటిదాకా పెద్ద జాతి కూనల కోసం చేసిన ఫుడ్ పెట్టండి. ఆ ఫుడ్ పెట్టేటప్పుడు కాల్షియం సిరప్ పూర్తిగా ఆపేయండి. ఆరు నెలల లోపు కూన పేగులు అదనపు కాల్షియాన్ని కాదనలేవు, వచ్చినంతా పీల్చుకుంటాయి. తక్కువైతే ముందుకాళ్ళు వంకరపోయి, చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది. ఎక్కువైతే కీళ్ళు సరిగ్గా అమరవు. సెరెలాక్ మనుషుల పిల్లల కోసం చేసింది, కుక్కపిల్ల ఎదుగుదలకు చాలదు.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాం. మా గోల్డెన్ రిట్రీవర్‌కు బఠాణీ ప్రొటీన్‌తో చేసిన వీగన్ ఫుడ్ రెండేళ్ళుగా పెడుతున్నాం. గుండె జబ్బు వస్తుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జులైలో ఈ విషయం మీద విచారణ మొదలుపెట్టింది. బఠాణీ, మసూర్ లాంటి పప్పులు, బంగాళాదుంప ప్రధానంగా ఉన్న ఫుడ్‌లు తిన్న కుక్కల్లో గుండె సాగే జబ్బు కనిపించడమే కారణం. వాటిలో చాలా ఫుడ్‌లలో మాంసం కూడా ఉంది కాబట్టి నేరం శాకాహారానిది అనలేం. ఇదే కారణమని ఇంకా తేలలేదు. గోల్డెన్ రిట్రీవర్లలో మాత్రం టౌరిన్ తగ్గడం తెలిసిన సంగతే. కాబట్టి రక్తంలో టౌరిన్ పరీక్ష, గుండెకు ఎకో (స్కానింగ్) చేయించండి. ఫుడ్‌లో బియ్యం లేదా ఓట్స్ ముందు వరుసలో ఉండి, మెథియోనిన్, టౌరిన్, కార్నిటిన్ అనే పోషకాలు విడిగా కలిపి ఉన్నదానికి మారండి.

ప్రశ్న: గుడి దగ్గర మిగిలిన పులిహోర, సాంబారన్నం వీధి కుక్కలకు పెడుతున్నాం. శాకాహారమే కదా, ఇబ్బంది ఉండదు కదా?
– భక్త బృందం సభ్యుడు, తెనాలి

జవాబు: ఆకలి తీర్చాలన్న మీ ఆలోచన మంచిది, పదార్థం మార్చండి. గుడి వంటలో ఉల్లి, వెల్లుల్లి ఉండకపోవచ్చు, కానీ ఇళ్ళ నుంచి తెచ్చే సాంబారులో ఉంటాయి. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి కుక్క రక్తకణాలను పగలగొడుతుంది, పిల్లికి 5 గ్రాములే చాలు. ఉడికించినా ఆ గుణం పోదు. మూడు నుంచి ఐదు రోజుల తర్వాత చిగుళ్ళు పాలిపోయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. చింతపండు కూడా మంచిది కాదు. ద్రాక్ష, కిస్మిస్ తిన్న కుక్కల మూత్రపిండాలు దెబ్బతినడానికి టార్టారిక్ ఆమ్లం కారణమని అమెరికా జంతు విషవైద్య నిపుణులు 2021లో అనుమానించారు. చింతపండు నిండా ఉండేది అదే ఆమ్లం. పులిహోర, కిస్మిస్ వేసిన చక్కెర పొంగలి పెట్టకండి. పోపు లేని పెసరపప్పు కట్టె పొంగలిని మిరియాలు, జీడిపప్పు పడకముందే కొంత విడిగా తీసి, పెరుగు కలిపి పెట్టవచ్చు. ఏ కుక్కయినా కిస్మిస్ గానీ చింతపండు గానీ ఎక్కువగా తిన్నట్టు చూస్తే, ఉప్పునీళ్ళు పట్టించి వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, రెండు గంటల్లోపు పశువైద్యశాలకు చేర్చండి.