శబ్దంతో కోళ్ళ షెడ్డులో వేడి, గాలి కొలవొచ్చా?

ప్రశ్న: మాది షాద్‌నగర్ దగ్గర బ్రాయిలర్ ఫారం సార్, 400 అడుగుల పొడవు 40 అడుగుల వెడల్పు ఈసీ షెడ్డు (లోపలి వేడి, గాలి మెషీన్లతో అదుపు చేసే మూసిన షెడ్డు). కంట్రోలర్‌లో 29 డిగ్రీలే చూపిస్తోంది కానీ ఫ్యాన్ల వైపున్న కోళ్ళు నోరు తెరిచి రొప్పుతున్నాయి. మా అబ్బాయి బీటెక్ ఈసీఈ, అల్ట్రాసోనిక్ సెన్సార్‌తో శబ్దం వేగాన్ని బట్టి టెంపరేచరూ గాలి స్పీడూ రెండూ కొలవొచ్చని ఒకటి తయారు చేశాడు. అది మామూలు థర్మామీటర్ కన్నా 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది, గాలి మాత్రం ఫ్యాన్లు వేసినా ఆపినా ఒకటే రీడింగు. ఇది పనికొస్తుందా? ఆ సౌండ్‌కి కోళ్ళకేమన్నా అవుతుందా?

జవాబు: ముందు ఆ 3 డిగ్రీల సంగతి చెప్తా, అందులో మీ అబ్బాయి కట్టిన సర్క్యూట్ తప్పేం లేదండి. శబ్దం 30 డిగ్రీల పొడిగాలిలో సెకనుకి 349 మీటర్లు పోతుంది, ఒక్కో డిగ్రీ పెరిగితే ఇంకో 0.6 మీటరు కలుస్తుంది, బాబు కోడ్‌లో రాసుకున్న ఫార్ములా కూడా ఇదే అయ్యుంటుంది. కానీ మీ షెడ్డులో ఉన్నది పొడిగాలి కాదు కదా, తడి కూలింగ్ ప్యాడ్ల మీంచి నీళ్ళు తాగి వస్తున్న గాలి. నీటి ఆవిరి మామూలు గాలి కన్నా తేలిక, అది కలిసేసరికి శబ్దం ఇంకాస్త వేగంగా పోతుంది, ఆ వేగమంతా వేడి వల్లే అనుకుని లెక్క కడితే ఎక్కువ వస్తుంది. 30 డిగ్రీల దగ్గర తేమ 80 శాతం ఉంటే సుమారు 3 డిగ్రీలు, 50 శాతం ఉంటే 2 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. పక్కన ఒక తేమ సెన్సార్ పెట్టి కోడ్‌లో ఆ మేరకు తగ్గించమనండి, చాలావరకు సరిపోతుంది.

అయినా ఇంకా తేడా వస్తే టేపు తీసుకుని సెన్సార్‌కీ ఎదురుగా ఉన్న పలకకీ మధ్య దూరం మళ్ళీ కొలవండి. మీటరు దూరంలో ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయితే 0.6 డిగ్రీ తప్పుతుంది. ఈ చవక సెన్సార్లు 3 మిల్లీమీటర్ల వరకు తేడా చూపించేవే, అవి దూరం కొలవడానికి చేసినవి, మనం డిగ్రీలు అడుగుతున్నాం.

ఇక గాలి. అది ఎందుకు రాలేదంటే మీవాడు వాడింది ప్రతిధ్వని పద్ధతి, అంటే శబ్దం వెళ్ళి పలకకి తగిలి అదే దారిలో వెనక్కి వస్తుంది. కాలవలో వాలుకి ఈదినప్పుడు కలిసొచ్చిన టైము ఎదురీదేటప్పుడు పోయినట్టే, పోయేటప్పుడు గాలి తోసింది వచ్చేటప్పుడు ఆపేస్తుంది, చివరికి లెక్క దాదాపు సున్నా. వాతావరణ కేంద్రాల్లో శబ్దంతో గాలి స్పీడు కొలిచే సోనిక్ ఎనిమోమీటర్లలో ఎదురెదురుగా రెండు సెన్సార్లుంటాయి, ఒకసారి ఇది పంపితే అది వింటుంది, మరోసారి అది పంపితే ఇది వింటుంది, రెండు టైములూ విడివిడిగా రాసుకుంటారు. రెండిటి తేడా చూస్తే గాలి స్పీడు, రెండూ కలిపి చూస్తే టెంపరేచర్. మీ వాడూ అలాగే ఒక జత పెట్టాలి, అదీ షెడ్డు పొడవు దిక్కుగా. మీ షెడ్డులో గాలి ప్యాడ్ల నుంచి ఫ్యాన్ల వైపు పోతుంది కాబట్టి అడ్డంగా ఈ గోడకీ ఆ గోడకీ పెడితే ఎంత గాలి వీచినా ఏం కనపడదు. మీటరు దూరంలో సెకనుకి 2.5 మీటర్ల గాలికి వచ్చే తేడా, సెకనుని పది లక్షల వంతులు చేస్తే అందులో 40 వంతులే, అంత సూక్ష్మంగా టైము కొలిచే బోర్డు కావాలి.

అసలు ఈ పద్ధతిలో నాకు నచ్చేది వేరే ఉంది. కంట్రోలర్‌కి ఉండే ప్రోబ్, అంటే వేడి కొలిచే సెన్సార్, వేలాడదీసిన చోట మాత్రమే వేడి చెప్తుంది, శబ్దం తను పోయిన దారంతా ఉన్న గాలి సరాసరి చెప్తుంది. గోడ నుంచి గోడకి 12 మీటర్లు శబ్దం దాటడానికి 35 మిల్లీసెకన్లు పడుతుంది, అంత దూరంలో ఒక సెంటీమీటరు కొలత తప్పినా అర డిగ్రీనే. కానీ 40 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని గాలి తొందరగా మింగేస్తుంది, బాబు దగ్గరున్న సెన్సార్ 4 మీటర్లు దాటదు. తక్కువ ఫ్రీక్వెన్సీ వాడితే దూరం పోతుంది గానీ అప్పుడు కోళ్ళకి వినపడుతుంది, పైగా ఫ్యాన్ల మోతలో కలిసిపోతుంది. ఇప్పుడున్న 40 కిలోహెర్ట్జ్ అయితే కోళ్ళకి వినపడనే వినపడదు, వాటి చెవి పది కిలోహెర్ట్జ్ లోపే ఆగిపోతుంది, దాని గురించి దిగులొద్దు. షెడ్డు కుక్కకి మాత్రం వినపడొచ్చు.

కాబట్టి అబ్బాయిని చెయ్యనివ్వండి, చదువుకి పనికొచ్చే మంచి ప్రాజెక్టు. ఫ్యాన్లని మాత్రం దాని మీద నడపొద్దు, ఊక దుమ్మూ అమ్మోనియా పట్టి బ్యాచ్ మధ్యలోనే రీడింగు తేడా కొట్టిందంటే నష్టపోయేది మీరు.

రొప్పే కోళ్ళకి ఇవాళే చెయ్యాల్సింది వేరే ఉంది. మీ కంట్రోలర్ ప్రోబ్ ఎక్కడ వేలాడుతోందో చూడండి, చాలా షెడ్లలో అది మధ్యలో మనిషి తల ఎత్తున ఉంటుంది, దాన్ని కోడి వీపు ఎత్తుకి దించండి, ఇంకోటి ఫ్యాన్ల వైపు పెట్టండి, ఎందుకంటే దారిలో కోళ్ళ వేడంతా మోసుకుంటూ వచ్చిన గాలి అక్కడికొచ్చేసరికి రెండు మూడు డిగ్రీలు పెరగడం మామూలే. చేతిలో పట్టుకునే ఫ్యాను ఎనిమోమీటర్ ఒకటి కొనండి. ఫ్యాన్లన్నీ వేసి కోడి ఎత్తులో ప్యాడ్ల దగ్గర, మధ్యలో, ఫ్యాన్ల దగ్గర కొలవండి, పెద్ద కోళ్ళకి సెకనుకి 2.5 నుంచి 3 మీటర్లు రావాలి. రాకపోతే బెల్టులు వదులయ్యాయా, షట్టర్ల మీద దుమ్ము పేరుకుని సగమే తెరుచుకుంటున్నాయా చూడండి. ఫ్యాన్ల దగ్గర పక్క పరదాల్లో చిరుగులుంటే గాలి ప్యాడ్ల నుంచి రాకుండా అక్కడి నుంచే దొంగదారిలో వచ్చేస్తుంది, అగరబత్తి వెలిగించి పరదా దగ్గర పట్టుకుంటే పొగ లోపలికి లాక్కుంటుంది, వెంటనే దొరుకుతుంది. ముసురు రోజుల్లో లోపల తేమ 85 శాతం దాటితే ప్యాడ్ల మోటారు ఆపి ఫ్యాన్లే తిప్పండి. చిన్నపిల్లల బ్యాచ్‌కి మాత్రం ఈ గాలి లెక్క పనికిరాదు, బ్రూడింగ్‌లో, అంటే పిల్లలకి వేడి పెట్టి పెంచే మొదటి రోజుల్లో, అంత గాలి తగిలితే చలికి గుంపు కడతాయి.

ఆ మూడు చోట్ల గాలి ఎంతొచ్చిందో, కోళ్ళ వయసెంతో, ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నాయో రాసి పంపండి, ఫ్యాన్లు చాలకపోతే ఎన్ని వెయ్యాలో లెక్క కట్టి చెప్తాను.