అన్నం పెట్టండి, డబ్బు చేతికివ్వకండి

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర ఒక ఊరు. మా అబ్బాయికి 24 ఏళ్లు. బీటెక్ అయ్యాక కోచింగ్‌కని హైదరాబాద్ వెళ్లి గంజాయి అలవాటు చేసుకుని ఇంటికొచ్చాడు. రాత్రంతా మేల్కొని మధ్యాహ్నం లేస్తాడు. డబ్బులివ్వకపోతే గిన్నెలు విసిరేస్తాడు, చచ్చిపోతానంటాడు. పోయినేడు అయ్యప్ప మాల వేయించాం. 41 రోజులు ముట్టలేదు, మాల తీశాక మళ్లీ మొదలు. ఈమధ్య నా చెవి దిద్దులు కనపడటం లేదు. వాళ్ల నాన్న వాడితో మాట మానేశారు, ఇంట్లోంచి గెంటేయమంటున్నారు. నేను ఆయనకు తెలియకుండా పోపుల డబ్బాలో దాచినవి రెండు మూడొందలు ఇస్తున్నాను. పెళ్లి చేస్తే బాగుపడతాడని మా ఆడపడుచు ఒక సంబంధం తెచ్చింది. మా పాప, అంటే వాడి చెల్లెలు, ఇంటర్ సెకండియర్. ఏం చేయాలో పాలుపోవడం లేదు.

జవాబు: అమ్మా, ముందు పెళ్లి సంగతి తేల్చేద్దాం. ఆ సంబంధం వాళ్లకు ఇప్పుడు కాదని చెప్పేయండి. పెళ్లయితే బాధ్యత తెలిసొస్తుందని మన ఇళ్లలో ఎప్పటినుంచో అంటున్నదే. వ్యసనం బాధ్యత తెలియక వచ్చింది కాదు, బాధ్యత నెత్తిన పెడితే పోయేదీ కాదు. ఇవాళ మీ దిద్దులు పోయాయి, రేపు ఇంకో ఇంటి ఆడపిల్ల పుస్తెలు పోతాయి. ఈ ఒక్క విషయంలో మెత్తగా చెప్పడం నా వల్ల కాదు.

మాల వేసుకున్న 41 రోజులు వృథా అనుకోకండి. మీ ఉత్తరంలో నాకు ఆశ కలిగించింది అదే. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, పూజ, భిక్ష, నేల మీద పడక, సాయంత్రం భజన. పాత స్నేహితులు దగ్గరికి రాలేదు. అందరూ ‘స్వామీ’ అని గౌరవంగా పిలిచారు. రోజుకొక క్రమం, చుట్టూ మంచి జట్టు, నలుగురిలో మర్యాద దొరికాయి. 42వ రోజున అన్నీ ఒకేసారి పోయాయి, ఫోన్‌లో పాత నంబర్లు మాత్రం అలాగే ఉన్నాయి. మీ అబ్బాయి మానగలడు. మానాక నిలబడటానికి చికిత్స, ఏదో ఒక పని, మాట్లాడే మనుషులు కావాలి.

ఇక ఇంటి కట్టుబాట్లు. ‘నువ్వు మానేయాలి’ అని ఎన్నిసార్లు చెప్పినా దాన్ని అమలు చేయడం మీ చేతుల్లో లేదు. మీ డబ్బు, మీ ఇల్లు, బండి తాళం మీ చేతుల్లో ఉన్నాయి. కట్టుబాట్లు వాటికే పెట్టుకోండి. అంతకన్నా ముందు మీరూ మీ ఆయనా ఒక్కమాట మీదికి రావాలి. నాన్న పొమ్మంటున్నారు, అమ్మ పోపుల డబ్బా తీస్తోంది. అబ్బాయికి డబ్బా చాలు, నాన్న మాటతో పనిలేదు. ఆ రెండు మూడొందల సంగతి మీ ఆయనకు మీరే చెప్పండి. కోప్పడతారు, కోప్పడనివ్వండి. ఆయన కూడా కొడుకుతో మళ్లీ మాట్లాడటానికి ఒప్పుకోవాలి. మాట మానేసిన నాన్న పెట్టే షరతు ఏ కొడుకు చెవికీ ఎక్కదు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక, మత్తులో లేనప్పుడు, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చెప్పండి. ఇంత చాలు: ‘నాన్నా, ఈ ఇంట్లో నీకు అన్నం, పడక ఉంటాయి. డబ్బు మాత్రం చేతికివ్వం. ఫీజైనా, మందులైనా మేమే కడతాం. గంజాయి ఇంట్లోకి తేవద్దు. మత్తులో ఉన్నరోజు బండి తాళం ఇవ్వం. చెయ్యెత్తినా, సామాను విసిరినా పోలీసులకు, 112కి ఫోన్ చేస్తాం. ఆసుపత్రికి నువ్వు ఏ రోజు వస్తానంటే ఆ రోజే పనులన్నీ మానుకుని నీతో వస్తాం.’ ఫోన్ చేస్తామన్నాక చేయాలి. చేయలేమనిపిస్తే ఆ మాట అనొద్దు.

బంగారం బ్యాంకు లాకర్లో పెట్టండి. ఫోన్‌పే పిన్ మార్చండి. వాడు చేసిన అప్పులు మీరు తీర్చకండి. మొదటి పది పదిహేను రోజులు ఇల్లు నరకంగా ఉంటుంది. ఇదివరకు అరిస్తే డబ్బు వచ్చింది కాబట్టి ఇంకా గట్టిగా అరిచి చూస్తాడు. అప్పుడు ఒక్క వంద ఇచ్చినా, ఎంత అరిస్తే మీరు దిగివస్తారో వాడికి నేర్పినట్టే. బాగున్న రోజున మాత్రం ఇష్టమైన కూర వండి దగ్గర కూర్చోండి, వాళ్ల నాన్న పనికి వెళ్తూ తోడు తీసుకెళ్లాలి. గొడవ రోజునే పలకరింపు ఉంటే వాడికి మన దగ్గరికి వచ్చే దారే ఉండదు.

చచ్చిపోతానన్న మాటను ఉత్త బెదిరింపని ఎప్పుడూ తీసిపారేయకండి. దానికి మందు డబ్బు కాదు. ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు, మాత్రలు ఉంటే తీసేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. ఎవరో వెంటాడుతున్నారన్నా, చెవిలో మాటలు వినిపిస్తున్నాయన్నా అంతే. గంజాయి కొందరిలో అలాంటి జబ్బు తెస్తుంది, అది కట్టుబాట్లతో తగ్గేది కాదు.

వాడేది గంజాయి ఒక్కటేనా అని కూడా కనుక్కోండి. గంజాయి ఆపితే చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం మొదటి వారంలో ఎక్కువగా ఉండి, చాలామందికి రెండు వారాల్లో తగ్గుతాయి. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు గానీ, రోజూ తాగే మద్యం గానీ ఇంట్లో ఒక్కసారిగా ఆపించకూడదు. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొస్తుంది.

కేసవుతుందని ఆసుపత్రికి భయపడుతున్నారేమో. డాక్టర్ దగ్గరికి వెళ్లడం పోలీసు ఫిర్యాదు కాదు. మత్తుమందులపై ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, వాడినందుకో, తక్కువ మోతాదు దగ్గర ఉన్నందుకో కేసు పడినవాళ్లు కూడా ప్రభుత్వ ఆసుపత్రిలోనో, గుర్తింపు ఉన్న కేంద్రంలోనో తమంతట తాము చేరి చికిత్స పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. ‘ఇంట్లోనే కాల్చుకుంటే కళ్లముందే ఉంటాడు కదా’ అని చాలామంది అమ్మలు అనుకుంటారు. అది వద్దు. తెలిసి ఇంటిని దానికి వాడనిస్తే అదే చట్టం 25వ సెక్షన్ కింద ఇంటివాళ్లకూ శిక్ష పడొచ్చు.

ప్రభుత్వ పెద్దాసుపత్రి మానసిక విభాగంలోనో, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రిలోనో చూపించండి. డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ముందు మీరే ఫోన్ చేయొచ్చు, అబ్బాయి ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు. రాత్రికి రాత్రి వ్యాన్‌లో వచ్చి ఎత్తుకెళ్తామనే ప్రైవేటు కేంద్రాల జోలికి పోకండి. మానసిక రోగులను గొలుసులతో కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. ఏ కేంద్రంలో చేర్చాలన్నా ముందు సైకియాట్రిస్ట్ వస్తారా, వార్డు చూపిస్తారా అని అడగండి. తప్పించుకుని మాట్లాడితే వెనక్కి వచ్చేయండి.

ఇంట్లోంచి పంపేయడమా? కోపంలో అర్ధరాత్రి గెంటేస్తే వాడు చేరేది గంజాయి దొరికే గదికే. అందుకే ఇప్పుడే వద్దంటున్నాను. మీ మీదో పాప మీదో చెయ్యి చేసుకుంటే మాత్రం ఒకే కప్పు కింద ఉండటం కుదరదు. అప్పుడు వాడు ఎవరింట్లో ఉండాలో, లేదా మీరూ పాపా ఎక్కడికి వెళ్లాలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. గృహహింస చట్టం తల్లికీ వర్తిస్తుంది. మహిళా హెల్ప్‌లైన్ 181.

పాప గురించి ఒక్క ముక్కే రాశారు. అన్న గిన్నెలు విసిరే రాత్రుల్లో ఆ పిల్ల ఎక్కడ కూర్చుని చదువుతోంది? పరీక్షలయ్యేదాకా అమ్మమ్మ ఇంట్లో ఉంచగలిగితే ఉంచండి, లేదంటే గదికి లోపలి గడియ పెట్టించండి. అన్న చికిత్స కోసం మీరేం చేస్తున్నారో దాచకుండా చెప్పండి. బయట ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుని ఉంటే అది తీసేయండి. నమ్మిన స్నేహితురాలితోనో, కాలేజీలో మేడమ్‌తోనో చెప్పుకోనివ్వండి.