టీబీ వస్తే హెచ్ఐవీ వైరల్ లోడ్ ఎందుకు పెరుగుతుంది?

మీ అన్నయ్య కొన్ని నెలలు హెచ్ఐవీ మాత్రలు మానేశారని, ఈలోగా టీబీ వచ్చి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, బాగా పెరిగిందని రాశారు. ఒంట్లో రక్షక కణాలు టీబీతో పోరాడుతుంటే హెచ్ఐవీ కూడా తగ్గాలి కదా, ఇమ్యూనిటీ పెంచే పొడులేమైనా ఇవ్వొచ్చా అని మీ ప్రశ్న. కొన్నేళ్లు ల్యాబ్‌లో హెచ్ఐవీ ఉన్న టీ కణాల మీద పనిచేశాను కాబట్టి అక్కడ చూసింది చెబుతాను.

హెచ్ఐవీ, రక్షక కణాల్లో ఒక రకమైన సీడీ4 టీ కణంలోకి దూరాక తన జన్యువులను ఆ కణం డీఎన్ఏలోనే కలిపేస్తుంది. కణం విశ్రాంతిగా ఉన్నంతకాలం వైరస్ కూడా చాలావరకు కదలదు. మేం వాడిన కణాల్లో, వైరస్ జన్యువులు పని మొదలుపెడితే ఆకుపచ్చ వెలుగు వచ్చే ఏర్పాటు ఉండేది. మామూలుగా మైక్రోస్కోప్‌లో చూస్తే దాదాపు అంతా చీకటే. టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే సిగ్నల్ ప్రోటీన్ కలిపి మర్నాడు చూస్తే చాలా కణాలు వెలుగుతూ ఉండేవి. టీబీతో పోరాడేటప్పుడు ఒంట్లో ఎక్కువగా తయారయ్యే ప్రోటీన్లలో ఇదొకటి.

ఆ సిగ్నల్ అందగానే, కణంలో అప్పటిదాకా కట్టేసినట్టున్న ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ విడుదలై కేంద్రకంలోకి వెళ్తుంది. మన రక్షణ జన్యువులను ఆన్ చేయడం దాని పని. కానీ హెచ్ఐవీ జన్యువుల ముందు భాగంలో కూడా అది అతుక్కునే చోట్లున్నాయి. నేబెల్, బాల్టిమోర్ అనే శాస్త్రవేత్తలు 1987లోనే దీన్ని చూపించారు. అమెరికా, యూరప్‌లలో ఎక్కువగా ఉన్న హెచ్ఐవీ ఉపరకం, సబ్‌టైప్ బిలో ఈ చోట్లు సాధారణంగా రెండు. మన దేశంలో ఎక్కువగా కనిపించే సబ్‌టైప్ సిలో మూడు. కణాన్ని పోరాటానికి లేపే సిగ్నలే వైరస్‌నూ లేపుతుంది. ఈ వైరస్‌లో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఇదే.

అందుకని పొడుల మీద డబ్బు పెట్టకండి. ఏఆర్‌టీ (హెచ్ఐవీని అదుపులో ఉంచే) మాత్రలు వేసుకుంటుంటే, లేచిన కణం నుంచి వైరస్ బయటికొచ్చినా కొత్త కణాలకు సోకకుండా అవి ఆపుతాయి. నిద్రలో ఉన్న కణాలు మాత్రం మందులకు దొరకవు. ల్యాబ్‌లో ఎంత గట్టి సిగ్నల్ ఇచ్చినా కొన్ని వెలిగేవే కావు. మందులు సరిగ్గా వాడేవారిలో కూడా ఈ నిద్రపోయే కణాల నిల్వ సగానికి తగ్గడానికి సుమారు 44 నెలలు పడుతుందని అంచనా. మానేస్తే చాలామందిలో కొన్ని వారాల్లోనే వైరస్ తిరిగొస్తుంది.

ఏఆర్‌టీ మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్ చెబుతారు. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ వల్ల ఏఆర్‌టీలో వాడే డోలుటెగ్రవిర్ అనే మందు రక్తంలో తగ్గిపోతుంది, అందుకే 12 గంటల తర్వాత ఇంకో 50 మి.గ్రా. మాత్ర అదనంగా ఇస్తారు. ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లేటప్పుడు టీబీ మందుల చీటీ తీసుకెళ్లి, ఈ రెండో మాత్ర గురించి తప్పకుండా అడగండి.