గ్రీన్ ఇంపీరియల్ పిజియన్‌కీ, పసుపు కాళ్ల పచ్చ పావురానికీ తేడా ఏమిటి?

"రెండూ పచ్చనివే, రెండూ అడవిలో పండ్లు తినేవే, తేడా ఎలా పట్టాలి?" అని అడిగారు. చూపుతో పట్టడం ఒక్క నిమిషం పని. ఇంపీరియల్ 40 సెంటీమీటర్లు దాటే భారీ పక్షి. తలా పొట్టా బూడిద రంగు, వీపూ రెక్కలూ మెరిసే ఆకుపచ్చ. పచ్చ పావురం బాగా చిన్నది, కాళ్లు పసుపు. ఇంతవరకు ఏ పుస్తకమైనా చెబుతుంది. నన్నడిగితే అసలు తేడా కందనకాయలో ఉంది.

తూర్పు కనుమల్లో ఒకసారి విరగపండిన జువ్విచెట్టు కింద పొద్దున్నే కూర్చున్నాను. పైన పచ్చ పావురాల గుంపు ఉందని పండ్లు టపటపా రాలుతుంటే గానీ తెలియలేదు, ఆకుల్లో అంతగా కలిసిపోతాయి. కాసేపటికి ఇంపీరియల్ జంట వచ్చి అవతలి కొమ్మ మీద వాలింది. కొమ్మంతా ఊగింది. మెడ చాచి పండును అమాంతం మింగడం, కదలకుండా కూర్చోవడం, మధ్యమధ్య లోగొంతుతో "హూమ్" అనడం, ఇదే వాటి పని. అవన్నీ ఎగిరిపోయాక కింద బండ మీది రెట్టలను భూతద్దంతో చూశాను. ఇంపీరియల్ కూర్చున్న వైపు జువ్విగింజలు చెక్కుచెదరలేదు. పచ్చ పావురాల వైపు తిరగల్లో వేసినట్టు పిండి!

కారణం ఉంది. పచ్చ పావురం కందనకాయ కండపట్టి గట్టిగా ఉంటుంది, మింగిన ఇసుకరాళ్ల సాయంతో గింజను నూరేస్తుంది. ఇంపీరియల్‌ది పలచన. గుజ్జు అరిగించుకుని గింజను ఎక్కడో దూరాన వదులుతుంది. దాని నోరు సాగుతుంది కాబట్టి అడవి జాజికాయంత గింజ కూడా దిగిపోతుంది.

అందుకే "పండు తినే ప్రతి పక్షీ అడవిని నాటుతుంది" అనే పోస్టులు చూస్తే ఒళ్లు మండుతుంది. నాటేదెవరో, నూరేదెవరో చూడొద్దా?

ఇంకో బాధ, ఫొటో కోసం ఫోన్లో కూత వినిపించి పిలిచేవాళ్లు. పచ్చ పావురం మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది, ఇంపీరియల్ ఒక్కటే. ఆ ఒక్క గుడ్డు మీద కూర్చున్నదాన్ని బెదరగొట్టి లేపితే గూడు కాకుల పాలే. పెద్ద గింజల చెట్లకు ఇంపీరియల్, హార్న్‌బిల్ లాంటి కొన్ని పక్షులే దిక్కు. దయచేసి స్పీకర్లు బయటికి తీయకండి. పండిన మర్రో జువ్వో చూసుకుని కింద కూర్చోండి, వాటంతట అవే వస్తాయి.