ఆ బొమ్మకి పాస్‌పోర్టు ఉంది తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 1927లో అమెరికా, జపాన్ పిల్లలు ఇచ్చిపుచ్చుకున్న స్నేహపు బొమ్మలు, వాటి జ్ఞాపకంగా వేసిన పోస్టుకార్డులు. మంచి విషయం పట్టావు. కానీ మొదటి పేజీ అంతా విశ్వశాంతి, సౌభ్రాతృత్వం అంటూ పోయింది, బొమ్మ మాత్రం ఎక్కడా కనపడలేదు. (నా మొదటి వ్యాసాలూ ఇంతేలే. ఒక సంపాదకుడు సగం కొట్టేసి పంపితే వారం రోజులు అలిగి కూర్చున్నా.)

ముందు ఆ బొమ్మ ఓడ ఎందుకెక్కిందో చెప్పు. 1924లో జపాన్ వాళ్లు వలస రాకుండా అమెరికా చట్టం చేసింది. జపాన్‌లో ఏళ్ల తరబడి ఉండి వచ్చిన సిడ్నీ గ్యులిక్ అనే మిషనరీకి అది మింగుడు పడలేదు, పిల్లల దగ్గర మొదలుపెడదామనుకున్నాడు. అమెరికా నుంచి జపాన్‌కి 12,000కు పైగా బొమ్మలు వెళ్లాయి, మార్చి 3న అక్కడ వచ్చే హీనా మత్సూరి అనే బొమ్మల పండక్కి అందేలా. మెట్ల మీద ఎర్రగుడ్డ పరిచి బొమ్మలు పేరుస్తారు, మన బొమ్మల కొలువులాగే. ఈ ఒక్క ముక్క చాలు, నువ్వు దానికి అరపేజీ ఖర్చుపెట్టావు.

అసలు సంగతేమో ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ బొమ్మలకి పేర్లున్నాయి, పాస్‌పోర్టులున్నాయి, వెంట పిల్లలు రాసిన ఉత్తరాలున్నాయి! బదులుగా జపాన్ ఆ ఏడాది చివర్లో 58 పెద్ద బొమ్మల్ని పంపింది, ఒక్కోటి 80 సెంటీమీటర్లకు పైనే, పట్టు కిమోనోలు, బుల్లి సామాన్లతో సహా. జపాన్ మనుషులు వచ్చి స్థిరపడ్డానికి వీల్లేని దేశంలో జపాన్ బొమ్మలు ఊరూరా తిరిగి స్వాగతాలు అందుకున్నాయి. ఇంత రాసి ఊరుకో, పక్కన 'ఎంత విచిత్రం!' అని చేర్చకు, ఆ మాట పాఠకుడే అనుకుంటాడు.

రెండో ప్రపంచ యుద్ధకాలం దగ్గర బొమ్మ చేత కన్నీళ్లు పెట్టించావు చూడు, అది తీసెయ్. జపాన్‌లో ఆ నీలికళ్ల బొమ్మల్ని శత్రువులన్నారు, చాలావాటిని తగలబెట్టారు, కొందరు టీచర్లు మాత్రం గుట్టుగా దాచారు, అలా మిగిలి బయటపడ్డవి 300కు పైగా. ఏడవాల్సిన వాళ్లు ఇది చదివే ఏడుస్తారు.

ఇంకోటి. కార్డు ముందువైపు గురించే రాశావు. వెనక్కి తిప్పావా? ముద్ర ఏ ఊరిది, ఎవరు ఎవరికి రాశారు, 'ఇక్కడ క్షేమం' తప్ప ఇంకేమీ లేకపోయినా సరే, అదీ రాయాలి. స్కాన్ చేసి పంపు, అంచులు మాత్రం కత్తిరించకు.