ఏ ఊళ్ళో కొట్టాడో చూడండి

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి ఎదగాలనుకునేవాళ్ళు ఆడే కింది స్థాయి) బేస్‌బాల్ పిచ్చి. న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీలో .310 సగటుతో (వెయ్యి ప్రయత్నాలకి 310 హిట్లు) కొట్టినవాడు ఫ్లోరిడా స్టేట్ లీగ్‌లో .270 కొట్టినవాడి కంటే గొప్పే కదా అని వాదిస్తున్నాడు. క్రికెట్ తప్ప ఏమీ తెలియని నేను ఏం చెప్పను?
– ఒక తండ్రి

జవాబు: ఆ క్రికెట్ చాలండీ. మా కాలనీ గ్రౌండులో స్క్వేర్‌లెగ్ వైపు 40 గజాలకే ప్రహరీ గోడ. తగిలితే ఫోర్, దాటితే సిక్స్. స్కోరు పుస్తకం రాసేవాణ్ణి నేనే. ఒక వేసవి మా ఓపెనర్ ఒట్టి పుల్ షాట్లతోనే పేజీలు నింపేశాడు. తర్వాత కాలేజీ గ్రౌండుకి వెళ్ళాం. అదే షాట్, అదే ఊపు. బంతి వెళ్ళి డీప్‌లో ఫీల్డర్ చేతిలో పడింది. వరసగా మూడు మ్యాచ్‌లు అదే తంతు.

ఆల్బకర్కీ అలాంటి గోడే. ఊరు సుమారు 5,000 అడుగుల ఎత్తున ఉంది. గాలి పల్చన కాబట్టి బంతి దూరం పోతుంది, పిచర్ (మన బౌలర్ లాంటివాడు) వేసే కర్వ్ బంతి సరిగా తిరగదు. ఆ జట్టు ఆడే పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో రెనో, సాల్ట్ లేక్ కూడా ఎత్తు మీద ఊళ్ళే. ఫ్లోరిడాలో మాత్రం చాలా ఆటలు మేజర్ జట్లు స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్ ముందు సాధన) చేసుకునే పెద్ద మైదానాల్లో. అక్కడ .270ని తీసిపారేయకూడదు.

అలాగని మీరే గెలిచారనుకోకండి. పసిఫిక్ కోస్ట్ ట్రిపుల్-ఏ, మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద. ఫ్లోరిడాది సింగిల్-ఏ, ఇంకా మూడు మెట్లు దిగాలి. పిచర్లే వేరు. అందుకని ఇద్దర్నీ పక్కపక్కన పెట్టకుండా, ఎవరి లీగ్ సగటుతో వాళ్ళని పోల్చమనండి. డబ్ల్యూఆర్‌సీ ప్లస్ అనే లెక్క చేసేది అదే: లీగ్ సగటు 100 అయితే, 130 అంటే 30 శాతం మెరుగు. సొంత గ్రౌండు, బయటి గ్రౌండు అంకెలు విడిగా చూస్తే గోడ మహిమ ఎంతో తేలిపోతుంది.

నేనైతే వయసు ముందు చూస్తాను. 26 ఏళ్ళవాడు ట్రిపుల్-ఏలో దంచితే నాకు పెద్ద ఆశ్చర్యం లేదు. 2023లో మీ ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ జట్టుకి ఆడిన ఎవన్ కార్టర్‌ని తీసుకోండి. 23, 24 ఏళ్ళవాళ్ళు ఎక్కువగా ఉండే డబుల్-ఏలో (ట్రిపుల్-ఏకి ఒక మెట్టు కింద) అతనికి 20. హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి) మరీ ఎక్కువేం కావు. కానీ చెడ్డ బంతులు ఓపిగ్గా వదిలేసి వాక్స్ (నాలుగు చెడ్డ బంతులు వదిలితే ఊరికే వచ్చే ఫస్ట్ బేస్) తీసుకునేవాడు, ఆన్-బేస్ (ఏదోలా బేస్ చేరిన సగటు) .400 దాటింది. సెప్టెంబర్‌లో మేజర్ లీగ్ జట్టు టెక్సస్ రేంజర్స్ పిలిచారు, ఆ ఏడు వాళ్ళు మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచారు.

ఈసారి ఆటకెళ్ళినప్పుడు స్కోరు కాగితం మీద వాక్స్‌కి ఒకటి, స్ట్రైకవుట్లకి (మూడు స్ట్రైకులతో అవుటవడం) ఒకటి గడి గీయమనండి. మీ ఫ్రిస్కో స్టేడియంలో రైట్ ఫీల్డ్ వెనక ఉన్న లేజీ రివర్ అనే నీటి కాలవలో ట్యూబు మీద తేలుతూ రాస్తానంటే మాత్రం కాగితం మీ దగ్గరే ఉంచుకోండి.