మోర్తజవీ కూర్చున్న కుర్చీ

"ఇరాన్‌లో ప్రభుత్వ ప్రాసిక్యూటర్ అంటే జనం ఎందుకంత హడలిపోతారు? మన పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) లాంటివాడే కదా?" అని అడిగారు. నేను జిల్లా కోర్టులో కొన్నేళ్లు ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీగా చేశాను. అంతకుముందు ఉస్మానియాలో లా చదివేటప్పుడు మా పక్క గదిలో ఇరాన్‌లోని షిరాజ్ నుంచి వచ్చిన అబ్బాయి ఉండేవాడు. ఆ రెండు అనుభవాలతో చెబుతున్నాను, మన పీపీకీ అతనికీ పోలికే లేదు.

మన దగ్గర అరెస్టు చేసేదీ ఛార్జిషీటు వేసేదీ పోలీసులు. బెయిల్ వద్దని గట్టిగా వాదించడం వరకే నా చేతిలో ఉండేది. అక్కడ ప్రాసిక్యూటర్‌ను దాద్‌సితాన్ అంటారు. మనం 'దాదూ ఫిర్యాదూ లేదు' అంటామే, ఆ దాదే ఇది. విచారణ మేజిస్ట్రేట్లు అతని కిందే పనిచేస్తారు. వాళ్లందరికీ పైన ఉండే న్యాయవ్యవస్థ అధిపతిని సుప్రీం లీడర్ అయిన మతగురువే నియమిస్తాడు.

సయీద్ మోర్తజవీ సంగతి చూడండి. ముప్పై దాటిన కొత్తలోనే పత్రికల కేసులు వినే జడ్జి. 2000 ఏప్రిల్‌లో కొద్ది రోజుల్లోనే డజనుకు పైగా పత్రికలు మూయించాడు. అందుకు వాడుకున్నది విప్లవానికి ముందు రాజుగా ఉన్న షా కాలంనాటి 1960 చట్టం. అది అసలు పాత నేరస్తుల కోసం చేసింది. ఇరాన్‌లో కొట్టువాళ్లు పేపర్లు ఫుట్‌పాత్ మీద వరసగా పరుస్తారట. ఆ నెల తమ వీధి కొట్లో రోజుకో ఖాళీ పెరిగిందనీ, ఆ ఖాళీల్లో కొట్టాయన చూయింగ్ గమ్ డబ్బాలు పెట్టాడనీ మా షిరాజ్ వాడు చెప్పేవాడు.

2003లో మోర్తజవీ టెహ్రాన్ ప్రాసిక్యూటర్ అయ్యాడు. ఆ జూన్‌లోనే టెహ్రాన్‌లోని ఎవిన్ జైలు బయట ఫొటోలు తీస్తున్న జహ్రా కాజెమీని అరెస్టు చేశారు. ఇరాన్‌లో పుట్టిన కెనడా ఫొటో జర్నలిస్టు ఆమె. జులై 11న చనిపోయింది. మొదట బ్రెయిన్ స్ట్రోక్ అన్నారు. తర్వాత ప్రభుత్వ కమిటీయే తలకు దెబ్బ తగిలిందని తేల్చింది. మా వాడు నెట్ సెంటర్‌లో తీయించిన ప్రింటవుట్ నాలుగు మడతలు పెట్టి తెచ్చి నా మంచం మీద పరిచాడు. "మా ఊరి మనిషి" అన్నాడు. ఆ రాత్రి మెస్‌కి రాలేదు.

అంత జరిగినా మోర్తజవీ ఆరేళ్లు అదే కుర్చీలో ఉన్నాడు. 2009 ఎన్నికల నిరసనల్లో పట్టుకున్న కుర్రాళ్లను కహ్రిజాక్ నిర్బంధ కేంద్రానికి పంపారు. అక్కడి హింసకు ముగ్గురు చనిపోతే మెదడువాపు అన్నారు. అయితే వాళ్లలో మొహ్‌సెన్ రూహొల్అమీనీ తండ్రి ప్రభుత్వ వర్గంలోనే పేరున్న మనిషి. నా ఉద్దేశంలో కేసు కదిలింది అందుకే. 2010లో పార్లమెంటు కమిటీ మోర్తజవీని బాధ్యుణ్ణి చేసింది. అప్పటికి ఆయన వేరే ప్రభుత్వ పదవిలో ఉన్నాడు. 2012లో సామాజిక భద్రతా సంస్థ అధిపతి కూడా అయ్యాడు. 2013లో కోర్టు వేసిన జరిమానా రెండు లక్షల తుమాన్లు, అంటే అప్పట్లో 60 డాలర్లు. ఆ అంకె చదివినప్పుడు నాకు కడుపు మండిపోయింది. చిల్లర దొంగతనం కేసుల్లో నెలల తరబడి రిమాండ్‌లో మగ్గినవాళ్లను నేను చూశాను మరి.

2017లో రెండేళ్ల జైలు పడింది. 2018 ఏప్రిల్‌లో మనిషి దొరకడం లేదని అధికారులే చెబితే, జనం ఆయన ఫొటోతో 'కావలెను' పోస్టర్లు పెట్టారు. ఆ నెలలోనే పట్టుకున్నారు. మా వాడికి మెసేజ్ పెట్టాను. "అది కహ్రిజాక్ కేసు" అని జవాబిచ్చాడు. షిరాజ్‌లోనే ఖననం చేసిన కాజెమీ కేసులో ఒక్కరికీ శిక్ష పడలేదు.